అడిగినోళ్లకల్లా కొమ్మ ఇచ్చిన సారు

మా కాలనీ గ్రూపుల పదిహేను దినాల కింద పొద్దుగాల ఒక ఫోటో వచ్చింది. తెల్ల చొక్క, నున్నగ దువ్విన జుట్టు, ఎనక గులాబీ చెట్లు. ఫోటో చుట్టూ దండ గీసి, కింద ఎర్ర అక్షరాలతోటి "పూలప్రేమికుడు, మొక్కల దాత, మన సారు ఇక లేరు" అని రాసిండ్రు. దాని కింద ఒకరి ఎనక ఒకరు దండం పెట్టే బొమ్మలు పెట్టుకుంట పోయిండ్రు.

నేను కుట్టు మిషిను తొక్కుడు ఆపి "మొక్కల దాత" అన్న మాట రెండుసార్లు చదివిన. నవ్వొచ్చింది. సచ్చిపోయినాయన ఫోటో చూసి నవ్వొద్దని నాకు ఎరికే. నోటికి పైట అడ్డం పెట్టుకున్న గని నవ్వు ఆగలే.

దాత అనుడు అబద్ధం గాదు. అడిగినోళ్లను ఆయన ఏనాడు కాదనలే. అదే గద ఆయన సంగతి.

ఆయన బతికున్నన్ని దినాలు ఎదురుంగ "మీరు" అనే మాట్లాడిన, "సారు" అనే పిలిచిన. ఇక్కడ మాత్రం "వచ్చిండు, పోయిండు" అనే రాస్త. అంతకన్న ఎక్కువ మర్యాద ఇయ్యబుద్ధి అయితలేదు.

తెలంగాణ వచ్చిన ఏడే మేము జడ్చర్లకు వచ్చినం. మా ఆయనకు మందుల కంపెనీల షిఫ్టు డ్యూటీ దొరికింది. రెండు అర్రల ఇల్లు కిరాయికి తీసుకున్నం. ముందర అర్రల నేను మిషిను పెట్టుకొని జాకెట్లు, లంగాలు కుట్టుడు మొదలుపెట్టిన. మా ఎదురిల్లే సారుది. హైస్కూల్ల సైన్సు చెప్పి రిటైరైండు. ఇంట్ల ఆయన, ఆయన భార్య ఇద్దరే. ఆమెను మేమందరం పెద్దమ్మ అంటుంటిమి.

ఆటోల నుంచి సామాను దించుతుంటెనే వాసన తగిలింది. తియ్యటి వాసన, గొంతుల దాక దిగేటి వాసన. తల ఎత్తి చూస్తే ఎదురింటి ప్రహరీ మీదికెళ్లి లేత గులాబి రంగు పూలు బయటికి ఒరిగి ఉన్నయి. పన్నీరు గులాబీలు. చిన్నప్పుడు మా ఊర్ల దర్గా కాడ చూసిన, మళ్ల అప్పుడే చూసుడు. బజార్ల అమ్మే గులాబీలకు రంగే గని వాసన ఉండదు. ఈ పూలకు రెక్కలు మెత్తగ, ఒకదాని మీద ఒకటి ఒత్తుగ ఉంటయి. పొద్దుగాల విచ్చుకుంటయి, ఎండ ఎక్కేసరికి సోలిపోతయి. చెట్టు పొట్టిగ, గుబురుగ, ఒళ్లంత సన్న ముండ్లు.

చేతుల బకెటు అట్లనే పట్టుకొని గేటు కాడికి పోయిన. ఆయన లోపట నిలబడి ఉన్నడు.

"కొత్తగ వచ్చిండ్రా? రా అమ్మా. వాసన చూడు. ముట్టకు."

బొటనేలు, చూపుడేలు నడుమ కొమ్మ పట్టుకొని పువ్వును నా ముక్కు కాడికి వంచిండు. నేను కండ్లు మూసుకొని ఊపిరి తీసుకున్న. సగం గూడ పీల్చలే, కొమ్మ ఇడిచిపెట్టిండు. పువ్వు ఎగిరి ఎనకకు పోయింది. కండ్లు తెరిచి చూస్తే ఆయన పువ్వు దిక్కు చూస్తలేడు, నా మొఖం చూస్తున్నడు. నాకు ఇంకా కావాలని ఉన్నదా లేదా అని చూస్తున్నడు.

తర్వాత ఏండ్లకేండ్లు మా కిటికీల కెళ్లి చూసిన. ఎవరొచ్చినా గంతే. పొద్దుగాల నడకకు పోయే పెద్దమనుషులు, బడికి పోయే టీచరమ్మలు, గుడి పంతులు, ఒకసారి మొక్కలు నాటే కార్యక్రమానికి వచ్చిన ఆఫీసరు. అందరి ముక్కు కాడికి కొమ్మ వచ్చేది, సగం ఊపిరికి పోయేది. ఆఫీసరుకు మాత్రం రెండుసార్లు వంచిండు.

వాసన అయినంక పాఠం. చేతులు ఎనకకు కట్టుకొని, కండ్లు సగం మూసి మొదలుపెట్టేటోడు. "గులాబీకి కత్తిరింపు వెయ్యాలె. అంటే ఏంది? ఎండిన కొమ్మ తీసేసుడు. ఎందుకు తియ్యాలె? కొత్త చిగురు కోసం." ప్రశ్న ఆయనే ఏసేటోడు, జవాబు ఆయనే చెప్పేటోడు. నడుమల ఎవరన్న నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టేటోడు. ఆఖరుకు, "రాసుకోండ్రి" అనేటోడు. చేతుల పాలగిన్నె, చంకల పిల్ల, కూరగాయల సంచి పట్టుకొని నిలబడ్డ ఆడోళ్లకు రాసుకోండ్రి అని చెప్పుడు! మేము తలలూపుతుంటిమి.

ఆ చెట్టు ఏడికెళ్లి వచ్చిందంటే మనిషికో తీరు చెప్పేటోడు. ఆఫీసరుకు ఢిల్లీ నుంచి తెప్పించిన అన్నడు. పంతులుకు కాశీకి పోయినప్పుడు తెచ్చిన అన్నడు. నాకేమో హైదరాబాదుల ఏదో నవాబుల దేవిడీ తోటల మాలి ఇచ్చిండని చెప్పిండు. ఒకనాడు పెద్దమ్మ జాకెటు కొలతకు వచ్చినప్పుడు నేను అదే మాట ఎత్తితే ఆమె టేపు దిక్కు చూసుకుంట, "భువనగిరిల మా అవ్వ పెట్టిన చెట్టు బిడ్డా. పెండ్లయినంక నేనే కొమ్మ తెచ్చుకున్న," అన్నది. అని, "సారుతోటి అనకు," అన్నది. నేలను తవ్వేది, పెంట ఏసేది, నీళ్లు పోసేది గూడ ఆమెనే. ఆయన చెయ్యికి మట్టి అంటంగ నేనైతే చూడలే.

రాలిన రెక్కలను గూడ ఇడిచేటోడు గాదు. గాలికి రోడ్డు మీద పడితే చాటల ఏరుకొని లోపటికి కొంటపోయేటోడు. ఒకనాడు పాలు పోసే మల్లమ్మ, పాపం ముసలామె, నాలుగు రెక్కలు ఏరుకొని కొప్పుల పెట్టుకున్నది. ఆయన గేటు తీసుకొని బయటికొచ్చి, "అవి ఎరువుకు పనికొస్తయి అమ్మా," అని చెయ్యి చాపిండు. మల్లమ్మ నవ్వులాటకు అంటున్నడేమో అనుకున్నది. చెయ్యి అట్లనే ఉన్నది. అప్పుడు ఆమె కొప్పుల నుంచి ఒక్కొక్క రెక్క తీసి ఆయన అరచేతుల పెట్టింది. ఆయన వాటిని చూసి, "వాడినయి," అన్నడు. అని లోపటికి పోయిండు.

గింత పిసినారి, కొమ్మ అడిగితే మాత్రం మొఖం ఇంత చేసుకునేటోడు.

"కొమ్మ కావాల్నా? ఎందుకియ్య అమ్మా! చెట్టు పంచితేనే పెరుగుతది. రేపు పొద్దుగాల రా, మంచిది చూసి తీసిపెడ్త."

రేపు పోతే నాలుగు కొమ్మలు తడిగుడ్డల చుట్టి, దారం కట్టి, తయారుగ ఉండేటివి. రెండు చేతులతోటి పట్టుకొని గుళ్లె ప్రసాదం ఇచ్చినట్టు ఇచ్చేటోడు. తీసుకున్నోళ్లు ఆయన కాళ్లకు దండం పెట్టేటోళ్లు. ఎట్ల నాటాలె, ఎంత నీడ, ఎన్ని నీళ్లు, అంత చెప్పేటోడు. అందరు ఆయన చెప్పినట్టే చేసేటోళ్లు. పది పదిహేను దినాలకు కొమ్మలు కింది నుంచి నల్లబడి మెత్తగయ్యేటివి.

"నల్లగైనయి సారు," అని పోతే తల అడ్డంగ ఊపేటోడు. ఒకరికి ఎండ ఎక్కువైందనేటోడు. ఒకరికి నీళ్లు ఎక్కువైనయనేటోడు. సువర్ణక్కకు, అంటే మా పక్కింటామెకు, మీ మట్టిల సున్నం ఉన్నదని చెప్పిండు. ఆమె పాపం మిడ్జిల్ దిక్కు నుంచి ఎర్రమట్టి సంచులల్ల తెప్పించుకున్నది. అది గూడ నల్లగైంది. కాలనీ మొత్తంల ఒక్క ఇంట్ల గూడ ఆ గులాబీ పట్టుకోలే. దాంతోటి సారు పేరు ఇంకా పెరిగింది. "ఆ చెట్టు ఆయన చెయ్యికే లొంగుతదట," అని చెప్పుకునేటోళ్లు.

నేను మూడుసార్లు అడిగిన. మూడుసార్లు ఇచ్చిండు. మూడుసార్లు పోయినయి.

నా సంగతి గూడ చెప్పాలె. మా తల్లిగారిల్లు హుజూర్‌నగర్ దిక్కు. కాలువ కింద వరి పొలాలు. పదేండ్ల పిల్లప్పటి సంది నాటేసిన దాన్ని. నేను పెట్టిన నారు ఎన్నడు ఒరగలే అని మా బాపు అందరికి చెప్పుకునేటోడు. గట్లాంటిది, ఒక్క గులాబీ కొమ్మ పట్టుకోకపాయె. అదే ఏండ్లల్ల నాకు రెండుసార్లు నెల తప్పింది. రెండుసార్లు మూడోనెలల పోయింది. దవాఖానకు పోయుడు, వచ్చుడు కాలనీల అందరికి ఎరికే. ఎదురింట్ల ఉన్న సారుకు ఎరుక లేకుంట ఉంటదా?

మూడోసారి కొమ్మలు నల్లగైన దినం శుక్రవారం. గేటు కాడ ఆరేడుగురు ఆడోళ్లు ఉన్నరు. నేను పోయి, "ఈసారి గూడ పోయినయి సారు," అన్న.

ఆయన నా చేతుల దిక్కు చూసిండు. తర్వాత నా కడుపు దిక్కు చూసిండు. తర్వాత అందరి దిక్కు తిరిగిండు.

"కొందరి చేతుల జీవం నిలువదమ్మా. అంటే ఏంది? వాళ్ల తప్పు గాదు. శరీరంల వేడి. సైన్సు గూడ ఒప్పుకుంటది."

ఆ దినం రాసుకోండ్రి అనలే. రాసుకోకుంటెనే అందరికి యాదికున్నది.

పదిదినాలు గాలే, సువర్ణక్క పెరట్ల మిరపనారు పెడుతుంటే చెయ్యి ఏద్దామని పోయిన. "నువ్వు ఇడువమ్మా, నేను పెట్టుకుంట," అని నా చేతుల నుంచి నారు మెల్లగ గుంజుకున్నది. మంచిదే ఆమె. అయినా గుంజుకున్నది. ఆ మాట ఎట్ల పోయిందో మా అత్తగారి ఊరికి గూడ పోయింది. మిర్గం కార్తెల పత్తి గింజలు పెట్టనీకె మేము ఊరికి పోతే, నేను కొంగు దోపుకొని చెల్కల దిగుతున్న. మా అత్త ఎనక నుంచి కేకేసింది.

"నువ్వు ఒడ్డు మీద కూసో. గింజలు ముట్టకు."

"ఎందుకత్తా?"

"కూసోమన్న గద."

కూలికి వచ్చిన ఆడోళ్లందరు సాలు పొంటి వంగి గింజలు పెట్టుకుంట పోతుండ్రి. నేను నీళ్ల బిందె పక్కన ఒడ్డు మీద కూసున్న. మా ఆయన నా దిక్కు చూడకుంట ఎడ్లను అదిలిస్తున్నడు. ఆడోళ్లు నీళ్లకు వచ్చినప్పుడల్ల నేను చెంబుతోటి పోసిన. అంతవరకు ఒప్పుకున్నరు.

అన్నిటికన్న పాడు సంగతి ఏందంటే, నేను గూడ నమ్మిన. సారు సదువుకున్నోడు, సైన్సు చెప్పినోడు. కొత్తిమీర కుండీకి నీళ్లు గూడ మా ఆయననే పోయమన్న. పసిపిల్లల అంగీలు కుట్టుడు బంద్ చేసిన. ఎవరన్న పుట్టబోయే పిల్లకు బట్ట పట్టుకొస్తే, "తీరుతలేదక్కా, బస్టాండు కాడ ఇంకో ఆమె ఉన్నది," అని పంపిచ్చేదాన్ని. గట్ల మూడేండ్లు.

ఆ తర్వాత మా సందులకు బ్యాంకుల పనిచేసే అమ్మాయి ఒకామె కిరాయికి వచ్చింది. వచ్చిన వారానికే సారు కాడ కొమ్మ అడిగింది. రేపు రమ్మన్నడు. ఆ రేపటి పొద్దుగాలనే నేను పెద్దమ్మ జాకెటు ఇయ్యనీకె పోయిన. ముందర తలుపు పెట్టి ఉన్నది. ఇంటి పక్క పొంటి ఎనకకు పోయిన.

ఎనక వసారల స్టూలు మీద సారు కూసున్నడు. ముందర స్టీలు చెంబు, దాంట్ల నుంచి పొగలొస్తున్నయి. చేతుల నాలుగు గులాబీ కొమ్మలు. కట్టగట్టి, మొదళ్లు చెంబుల ముంచి పట్టుకొని, పెదవులు కదిలించుకుంట ఏదో లెక్క పెట్టుకుంటున్నడు. పక్కన పెద్దమ్మ మసిగుడ్డ పట్టుకొని నిలబడ్డది. ఆయన నన్ను చూడలే. పెద్దమ్మ చూసింది. మొఖం తెల్లగైంది. గబగబ వచ్చి నా చేతుల జాకెటు తీసుకొని, "మళ్ల వస్తవా బిడ్డా," అని నన్ను పక్క సందులకు తోలింది.

నిజం చెప్తున్న, నాకు అప్పుడు తట్టలే. ఏదో మందు నీళ్లు కావచ్చు, ఏర్లు తొందరగ రానీకె పెడుతుండు కావచ్చు అనుకున్న. పదిహేను దినాలకు బ్యాంకు అమ్మాయి నా కాడికి జాకెటు కుట్టించుకోనీకె వచ్చి, "కొమ్మలన్ని నల్లగైనయక్కా. సారు నాది తొందరపాటు అంటున్నరు," అన్నది. అప్పుడు నా చేతుల కొలత టేపు జారి కింద పడ్డది.

ఆమె పోంగనే మా బాపుకు ఫోన్ చేసిన.

"బాపు, కొమ్మ మొదలును మసిలే నీళ్లల్ల ముంచి నాటితే ఏమైతది?"

"ఎవడు ముంచిండు?"

"ఊకెనే అడుగుతున్న, చెప్పు."

"ఏమైతది బిడ్డా, ఉడుకుతది. ఉడికిన దానికి ఏరు ఎట్ల వస్తది?"

ఫోన్ పెట్టేసి శానాసేపు మిషిను మీద తలపెట్టుకొని కూసున్న. ఏడ్పు రాలే. ఆయన ఇచ్చిన కొమ్మలను రెండు చేతులతోటి పట్టుకొని ఇంటికొచ్చిన మూడుసార్లు యాదికొచ్చినయి. ఒకసారైతే ఆయన కాళ్లు మొక్కిన గూడ. ఆయన ఒంగి నన్ను లేపిండు. "బతుకుతది పో అమ్మా," అన్నడు.

తెల్లారి ఆయన గేటు కాడ జనం జమైనంక పోయిన. బట్టలు కోసే పెద్ద కత్తెర పట్టుకొని పోయిన. ఆయన ఎవరికో పాఠం చెప్తున్నడు. నేను గేటు తీసుకొని లోపటికి పోయి చెట్టు పక్కన నిలబడ్డ.

"సారు, కొమ్మ కావాలె."

"రేపు రా అమ్మా, మంచిది చూసి..."

"నీళ్లల్ల ముంచనిది కావాలె."

ఆయన పాఠం ఆగిపోయింది. నేను పెన్సిలు మందం కొమ్మలు చూసి అయిదు కోసిన. చేతులకు ముండ్లు గీరుకున్నయి. "ఏయ్, ఏం చేస్తున్నవ్? అడగకుంట కోసుడు దొంగతనమైతది!" అన్నడు.  బయట ఉన్నోళ్లకు ఏం అర్థం గాలే. "కత్తిరింపు సరిగ తెల్వదు ఆ అమ్మాయికి, మీరు పోండ్రి," అని వాళ్లను తోలిచ్చిండు.

ఇద్దరమే మిగిలినం. నేను, "మా అత్త నన్ను గింజలు ముట్టనిస్తలేదు సారు. మీరన్న మాటకు," అన్న.

ఆయన చొక్క గుండీ సవరించుకున్నడు. "నేనేదో మాటవరుసకు అన్న. నువ్వు నమ్మితే నాదేం తప్పు?"

"కొమ్మలెందుకు ఉడకబెట్టిండ్రు?"

ఆయన చెట్టు దిక్కు చూసిండు. తర్వాత, చిన్నపిల్లలకు లెక్క చెప్పినంత మామూలుగ చెప్పిండు. "అందరిండ్లల్ల ఉంటే, నా ఇంటికి ఎవరొస్తరు?"

ఈ సంగతి తర్వాత సువర్ణక్కకు చెప్తే, పాపం ముసలాయన, ఒంటరితనం కావచ్చు అన్నది. నాకు అనిపించలే. మనుషులు కావాలంటే ఒక పువ్వు ఇయ్యొచ్చు, మంచి మాట మాట్లాడొచ్చు. ఇంట్ల పెద్దమ్మ ఉండె, ఆమెతోటి మాట్లాడొచ్చు. ఇంత మందిని గేటు కాడ నిలబెట్టుకోనీకె ఒక్కొక్కరి చెయ్యిని పాడు చెయ్యాల్నా? నేను నా బతుకుల తాగుబోతులను చూసిన, కొట్టేటోళ్లను చూసిన. వాళ్ల మీద కోపమొస్తది. ఆయన మీద కోపం గూడ నిలవలే. బట్టల పురుగును చూసినట్టు అనిపిచ్చింది.

అయిదు కొమ్మలను బాపు చెప్పినట్టు నాటిన. ఎర్రమట్టి, ఇసుక సగం సగం. పైకొనలకు పేడ ముద్ద. బట్టలుతికే బండ ఎనక నీడ జాగా. నెల దాటినంక మూడింటికి ఎర్రటి చిగురు వచ్చింది. రెండు ఎండిపోయినయి. కొమ్మలంటే గంతే, కొన్ని వస్తయి, కొన్ని పోతయి.

వచ్చే మిర్గానికి ఊరికి పోయి, మా అత్త ఏదన్న అనకముందే గింజల సంచి ఒళ్లె కట్టుకున్న.

"నీకు చెప్పిన గద!"

"చెప్పినవత్తా. ఈ రెండు సాళ్లు నేను పెడ్త. మొలవకుంటే మళ్లెప్పుడు నీ చెల్కల అడుగు పెట్ట."

మొలిచినయి. అందరు పెట్టినయి ఎట్ల మొలిచినయో నేను పెట్టినయి గూడ అట్లనే మొలిచినయి, నడుమ నడుమ నాలుగు గింజలు పోయినయి. మా అత్త సాలు పొంటి నడుచుకుంట పోయి చూసి వచ్చి, "ఈసారి వాన మంచిగ పడ్డది," అన్నది. అంతకన్న ఏమనలే. ఒడ్డు మీద కూసోమని గూడ మళ్ల అనలే.

పిల్లలు మాత్రం కాలేదు. ఇది ఇనే ఆడోళ్లు కొందరు, గులాబీ పట్టుకున్నంక కడుపు గూడ పండిందా అని అడుగుతరు. పండలే. ఎందుకు పండుతది? అది వేరు, ఇది వేరు. ఆ రెంటిని ఒకటి చేసింది ఆ సారే, నేను గాదు. పసిపిల్లల అంగీలు మాత్రం మళ్ల కుడుతున్న.

నా చెట్లు పెద్దగైనంక అడిగినోళ్లకు, అడగనోళ్లకు గూడ కొమ్మలు ఇచ్చిన. రెండేండ్లల్ల మా కాలనీల సగం ఇండ్ల ముందర పన్నీరు గులాబీ ఉన్నది. నీళ్ల చెంబు సంగతి గూడ చెప్పిన. కొందరు నమ్మిండ్రు. శానామంది నమ్మలే. "సారు గంత పెద్దమనిషి, గట్ల చేస్తడా? నీకు కోపం," అన్నరు. వాళ్లే గ్రూపుల దాత అని రాసింది.

గేటు కాడ జనం తక్కువైండ్రు. ఎవరి ఇంట్ల వాళ్లు నిండ ఊపిరి పీల్చుకుంటున్నంక ఆ సగం వాసన కోసం ఎవరు పోతరు? ఒకనాడు పొద్దుగాల చప్పుడైతే కిటికీల కెళ్లి చూసిన. ఇద్దరు కూలోళ్లు గడ్డపారలతోటి సారు గులాబీ చెట్లు పీకుతున్నరు. నిండ పూత మీద ఉన్న చెట్లు. మొదళ్లతోటి గుంజి రోడ్డు మీద పడేస్తున్నరు. సారు కుర్చీ ఏసుకొని కూసోని పని చూస్తున్నడు. పెద్దమ్మ గడప మీద నిలబడి ఉన్నది, కొంగు నోట్ల పెట్టుకొని. ఆమె అవ్వ పెట్టిన చెట్టు నుంచి వచ్చినయి గద అవి.

నేను ఆగలేక రోడ్డు మీదికి వచ్చిన. "ఎందుకు సారు, మంచి చెట్లు!"

"గల్లీ గల్లీకి ఉన్నయి ఇప్పుడు," అన్నడు. "అంటే ఏంది? వీటికి విలువ లేదు."

ఆ జాగల నున్నటి బండలు పరిపిచ్చి, హైదరాబాదు నుంచి ఏవో లావు మొదళ్ల పొట్టి మొక్కలు తెప్పిచ్చి కుండీలల్ల పెట్టిండు. జిల్లాల ఎవరి కాడ లేవని చెప్పిండు. వాటికి వాసన లేదు. మనుషులు ఒకసారి చూసి పోయిండ్రు. తర్వాత రెండేండ్లు పొద్దుగాల గేటు పట్టుకొని నిలబడేటోడు. నడకకు పోయేటోళ్లు చెయ్యి ఎత్తి, ఆగకుంట పోయేటోళ్లు. ఒకనాడు నన్ను ఆపి, "మీ చెట్లకు పురుగు పట్టిందటగ?" అని అడిగిండు. కండ్లల్ల ఎంత ఆశ ఉండెనో! "లేదు సారు, మస్తున్నయి," అని చెప్పిన. నిజానికి పేను పట్టి ఉండె. చెప్పబుద్ధి కాలే.

ఆయన సచ్చిపోయిన దినం నేను పోయిన. మర్యాదకు నిలబడ్డ. దండం పెట్టలే.

ఆయన దినకర్మలు అయిపోయినంక నిన్న పెద్దమ్మ మూట పట్టుకొని మా ఇంటికొచ్చింది. ఇప్పితే అన్ని సారు తెల్ల చొక్కలు, ఉతికి మడతపెట్టినయి.

"ఇవి గలీబులు కుట్టు బిడ్డా. దిండ్లకు పనికొస్తయి."

"ఎవరికన్న ఇయ్యకపోతివా పెద్దమ్మా?"

"వద్దు. కుట్టు."

కూసున్నది. చాయ్ ఇస్తే తాగింది. గ్లాసు కింద పెట్టి, నేల దిక్కు చూసుకుంట చెప్పింది. "ఆ నీళ్లు నేనే కాగబెడుతుంటి."

నేను ఖాళీ గ్లాసు తీసి పక్కకు పెట్టిన.

"ఆయన అందరికి కొమ్మలు ఇస్త అంటే మొదట సంబురపడ్డ. మా అవ్వ చెట్టు ఊరంత అయితది అనుకున్న. తర్వాత పొయ్యి మీద చెంబు పెట్టుమన్నడు. పెట్టిన. ఎవరు అడిగినా పెట్టిన."

"ఒక్కసారన్న చల్లనీళ్లు పెడితే ఆయనకు ఎరుకయితుండెనా?"

ఆమె ఆలోచన చేసింది. నిజంగనే చేసింది, నుదురు ముడుచుకొని. "గోరువెచ్చగ పెట్టినా ఎరుకయ్యేది గాదు," అన్నది. "నాకు తోచలే బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ తోచలే."

తర్వాత మళ్ల అన్నది. "నీ చేతుల గురించి అన్న దినం నేను కిటికీ ఎనకనే ఉన్న. ఇన్న."

చెప్పి, నా మొఖం దిక్కు చూసింది. పోనీ తీయి పెద్దమ్మా అంటనేమో అని చూసింది. ఆమె వయసుకు, ఆమె పడ్డ దానికి, ఆ మాట అనుడు పెద్ద పని గాదు. నా నోట్లకు రాలే. మొదటి చొక్క ఒళ్లె ఏసుకొని, కాలరు కుట్లు ఊడదీసుడు మొదలుపెట్టిన.